తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు

అందరికీ నమస్కారం అండి. వేదిక మీదున్న పెద్దలకి, మన లైబ్రరీ కమిటీ వాళ్ళకి, ఈ ఎండలో నడిచొచ్చిన అమ్మలకి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళకి, గోదారి అవతల ముక్తేశ్వరం రేవు నుంచి పంటు మీద దాటి వచ్చినవాళ్ళకైతే మరీ మరీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి.

కమిటీ వాళ్ళు నాకిచ్చిన టాపిక్ "చదివే అలవాటు". ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాడు కదా అని ఇచ్చారు. రాసుకుని తెచ్చాను కూడా, జేబులో ఉంది. కానీ పొద్దున్న ఇటొస్తూ మన కోటిపల్లి స్టేషన్ దగ్గర కాసేపు ఆగానండి, ఆగాక ఇంక ఆ కాగితం తియ్యాలనిపించలేదు. రైలు గురించి మాట్లాడతాను, ఏమనుకోకండి. అదీ చదువు సంగతే. మనం పుస్తకాలు చదివాం గాని గోడ మీద అంటించిన రైలు నోటీసు ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. బండి ఫలానా తేదీ నుంచి రద్దు అని ఉంటుంది, ఆ తేదీ ఖచ్చితంగా ఉంటుంది. మళ్ళీ ఎప్పుడు నడుస్తుందో రాయాల్సిన చోట మాత్రం "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అని ఉంటుంది. ఆ మూడు మాటల గురించే ఇవ్వాళ నేను చెప్పాల్సింది.

మా నాన్న చెప్పేవాడు. 1940లో ఆయనకి తొమ్మిదేళ్ళు. కాకినాడ నుంచి మన కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను తెల్లవాళ్ళే 1928లో వేశారు, పన్నెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే యుద్ధానికి ఇనుము కావాలని ఊడబీకారు. ఊడబీకడం ఎలాగంటే, గోదారి చివర నుంచి మొదలెట్టారట. కూలీలు గునపాలతో పట్టా లేపడం, అక్కడే ఉన్న బండి మీదకి ఎక్కించడం, బండి కొంచెం వెనక్కి జరగడం, మళ్ళీ లేపడం. నాన్న మాటల్లోనే చెప్తాను, "రోజూ బడి వదిలాక పరిగెట్టుకెళ్ళి చూసేవాళ్ళంరా, బండి వెనక్కి పోయేకొద్దీ దాని ముందు దారి లేకుండా పోయేది, నిన్న ఉన్నచోట ఇవ్వాళ ఉండేది కాదు" అని. ఊళ్ళో ఎవరూ అడ్డుపడలేదట. యుద్ధం అయిపోతే మళ్ళీ వేస్తారులే అనుకున్నారు. వేస్తామని ఎవరైనా కాగితం మీద రాసిచ్చారా నాన్నా అని అడిగితే, ఎవర్ని అడుగుతాంరా అనేవాడు.

ఒక మూరెడు పట్టా ముక్క మాత్రం ఊళ్ళో మిగిలిపోయింది. దాన్ని బడి అరుగు మీద దూలానికి ఇనుప తీగతో వేలాడదీశారు. నాన్న ఆ గంట వినే చదువుకున్నాడు, నేనూ విన్నాను, తర్వాత అదే బడికి మాస్టార్నై వెళ్ళి పదకొండేళ్ళు ఆ గంట నేనే కొట్టించాను. మేకు పెట్టి కొట్టీ కొట్టీ ఒక పక్క గుంట పడింది దానికి. దానిలో వేలు పెడితే నున్నగా అద్దంలా తగిలేది. ఒకటో తరగతి పిల్లలు వచ్చి ఇదేంటి మాస్టారూ అనడిగేవాళ్ళు. ఇది రైలు పట్టా అమ్మా అంటే, మన ఊరికి రైలు లేదు కదండీ అనేవాళ్ళు. ఏటా కొత్త పిల్లలు, ఏటా అదే ప్రశ్న.

సరే, యుద్ధం అన్ని చోట్లా వచ్చింది, మనకొక్కళ్ళకే కాదు కదా అని మీరనొచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, కేరళలో షొర్నూరు నుంచి నిలంబూరు లైను కూడా ఇలాగే 1941లో పీకేశారు. అక్కడ హిమాచల్‌లో కాంగ్రా లోయ లైనులో నగ్రోటా నుంచి జోగిందర్ నగర్ దాకా 1942లో పీకేశారు. ఆ రెండూ 1954కల్లా మళ్ళీ నడిచాయండి! స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్ళకి. కొండల్లో వేశారు, టేకు అడవుల్లో వేశారు. చదునుగా, రాయి కూడా తగలని మన డెల్టా భూమిలో వెయ్యడానికి 2004 దాకా పట్టింది. 1940 నుంచి 2004, లెక్కేసుకోండి, 64 ఏళ్ళు. వాళ్ళకి పన్నెండు పదమూడేళ్ళు, మనకి అరవై నాలుగు. పట్టాలు ఊడబీకేటప్పుడు చూసిన తొమ్మిదేళ్ళ పిల్లాడు మళ్ళీ రైలెక్కేసరికి డెబ్భై మూడేళ్ళవాడు. నా చెయ్యి పట్టుకుని ఎక్కాడు.

ఆ రైలు ఊరికే రాలేదు, ఇక్కడ ఒక మనిషి పేరు చెప్పకపోతే తప్పవుతుంది. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకర్ కుర్చీ దాకా వెళ్ళిన బాలయోగి గారు. 1998లో స్పీకర్ అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. ఢిల్లీలో ఎవరికీ పట్టని ఈ 45 కిలోమీటర్ల కోసం పట్టుబట్టింది ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. రైలు వచ్చింది 2004లో. ఆయన చూడలేదండి. ఆ రోజు ప్లాట్‌ఫాం మీద మా పక్కింటి మామ్మ గారు కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప ఆయన పేరు చెప్పి పట్టాల పక్కన పెట్టింది, ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఇంక ఆ రైలు ఎలా నడిచిందో మీకందరికీ తెలుసు, అయినా కుర్రాళ్ళ కోసం చెప్తాను. రైల్‌బస్ వేశారు, అంటే పట్టాల మీద నడిచే బస్సులాంటి చిన్న బండి. గేటు దగ్గరకొచ్చేసరికి ఆగేది, అందులోంచి ఒకాయన దిగి రోడ్డు గేటు వేసేవాడు, బండి దాటేది, మళ్ళీ ఆగేది, ఆయన గేటు తీసి పరిగెట్టుకొచ్చి ఎక్కేవాడు. ద్రాక్షారామం వెళ్ళేవాళ్ళు, రామచంద్రపురంలో సంత చూసుకునేవాళ్ళు, కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఓపిగ్గా కూర్చునేవాళ్ళు. బస్సు అంతకంటే ముందు వెళ్తుంది, అయినా ఎక్కేవాళ్ళు, ఎందుకంటే ఛార్జీ తక్కువ, కాళ్ళు చాపుకోవచ్చు, పచ్చి బాలింత పిల్లని పడుకోబెట్టుకోవచ్చు.

ఒకసారి ట్రిప్పులు పెంచమని అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకెళ్ళాం, నలుగురం. అక్కడాయన మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ వేశాడు, "మాస్టారూ, మీ లైనుకి ఆదాయం లేదండి" అన్నాడు. ఏమండీ, రోజుకి ఒక్కసారి, అదీ కాలేజీకీ అందని టైంలో, ఆఫీసులకీ అందని టైంలో బండి నడిపితే ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? తిండి పెట్టకుండా గేదెని కట్టేసి పాలివ్వట్లేదు అంటే ఎలా? ఆ మాట అక్కడ అనలేకపోయానండి, గొంతు పట్టేసింది. ఇక్కడ అంటున్నాను.

ఈ ఆదాయం లేదు అనేమాట కొత్తది కాదు. నష్టాలొచ్చే బ్రాంచి లైన్ల సంగతి చూడమని 1969లోనే ఒక కమిటీ వేశారు. మూసేద్దామని రైల్వే అనడం, రాష్ట్రాలు వద్దనడం, అప్పట్నుంచీ అంతే. లైను మూసేశాం అని ఎవరూ చెప్పరు, అలా చెప్తే జనం రోడ్డెక్కుతారు. ట్రిప్పు తగ్గుతుంది, హాల్టు తీసేస్తారు, తర్వాత తాత్కాలికంగా రద్దు. 2020 మార్చిలో కోవిడ్ అని దేశమంతా ప్యాసింజర్ బండ్లు ఆపారు, అది తప్పనిసరి, ఒప్పుకుంటాను. మళ్ళీ మొదలెట్టేటప్పుడు ముందు ఏవి వచ్చాయి? రిజర్వేషన్ బండ్లు. కూలికెళ్ళేవాడు ఎక్కే బండి ఆఖర్న వచ్చింది, అదీ స్పెషల్ అని పేరు మార్చుకుని. 10 రూపాయలున్న కనీస టిక్కెట్టు 30 అయ్యింది, మళ్ళీ 10కి దిగేసరికి 2024 ఫిబ్రవరి. ఎన్నికల ముందు. చాలా చిన్న స్టేషన్లలో హాల్టులు తిరిగి రాలేదు.

ఇదివరకు రైల్వే బడ్జెట్ వేరేగా ఉండేది, 1924 నుంచి. ఆ బడ్జెట్ చదివే రోజు మా స్టాఫ్ రూంలో రేడియో చుట్టూ మూగేవాళ్ళం, మన లైను పేరు చదువుతారేమోనని. 2017 నుంచి దాన్ని మామూలు బడ్జెట్‌లో కలిపేశారు, ఇప్పుడు ఏ రైల్వే పనికి ఎంత డబ్బు ఇచ్చారో రాసే పింక్ బుక్ అని ఒకటి వెతుక్కోవాలి. దాంట్లో చూస్తే చాలా ప్రాజెక్టుల ఎదురుగా వెయ్యి రూపాయలు అని ఉంటుంది. వెయ్యి లక్షలు కాదండి, వెయ్యి రూపాయలు. ప్రాజెక్టు చావలేదని చెప్పడానికి పెట్టే అంకె అది. మీటింగుల్లో మాత్రం "నిధులు కేటాయించాం" అంటారు. అందుకే చదవమంటున్నాను! ఈ లైబ్రరీకి పింక్ బుక్ ప్రింటు తీయించి పెట్టండి, పిల్లలకి కథల పుస్తకాల పక్కనే పెట్టండి.

అవతల ఒడ్డు వాళ్ళని మర్చిపోలేదు, మీ సంగతికే వస్తున్నా. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరు. గౌతమి, వైనతేయ, వశిష్ట, గోదారి మూడు పాయల మీద మూడు వంతెనలు. ఖర్చులో 25 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. కేంద్రం వాళ్ళు రాష్ట్రం వాటా రాలేదంటారు, రాష్ట్రం వాళ్ళు కేంద్రాన్ని అడగమంటారు, ఏ పార్టీ అని కాదు, పాతికేళ్ళలో అందరూ వచ్చారు, అందరూ కోనసీమకి రైలు తెస్తామనే వెళ్ళారు. 2022లో కోనసీమ జిల్లా అయ్యింది, అమలాపురం జిల్లా కేంద్రం అయ్యింది, ఇప్పటికీ అక్కడికి రైలు లేదు. విశాఖ రైల్వే జోన్ చూడండి, 2014 విభజన చట్టంలో రాశారు, 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 జనవరి 8న ఆఫీసుకి శంకుస్థాపన. చట్టంలో రాసినదానికే పదకొండేళ్ళు పడితే, మైకులో చెప్పినదానికి ఎన్నేళ్ళు పడుతుంది?

అందుకని నేను పెద్ద కోరికలు కోరట్లేదు. వందే భారత్ అడగట్లేదు. ఏ బండి ఆపినా, ఏ హాల్టు తీసినా, మళ్ళీ ఎప్పుడో తేదీ వెయ్యండి. ఆ తేదీకి కుదరకపోతే, ఎందుకు కుదరలేదో చెప్తూ ఇంకో తేదీ వెయ్యండి. అలాగే ఓట్లకొచ్చే వాళ్ళెవరైనా సరే, రైలు తెస్తాను అంటే, ఏ సంవత్సరం బాబూ, రాష్ట్రం వాటా ఏ నెలలో కడతారు అని అడగండి. మా నాన్న వాళ్ళు అడగలేదు. పాపం వాళ్ళకి అడిగే వీలు లేదు, అవతల ఉన్నది తెల్లవాడు. మనకేమైంది?

ఆ టేబుల్ మీద అర్జీ ఉంది, ఇందాకటి మాటలే అందులో ఉన్నాయి, తేదీ వెయ్యమనే. సంతకం పెట్టేవాళ్ళు కింద ఊరి పేరు కూడా రాయండి. పెన్నులు రెండే ఉన్నాయి, కాబట్టి మన ఊరివాళ్ళం కాసేపు ఆగుదాం. చీకటి పడితే పంటు దొరకదు, ముక్తేశ్వరం వైపు వెళ్ళాల్సిన వాళ్ళు ముందు రండి, పెట్టేసి బయల్దేరండి.