క్లాసిక్ గ్రంథాలు ఇంత సరదాగా ఉంటాయని మనకెందుకు తెలియదు?

[తెరపై: అర్ధరాత్రి, ఇటుక గోడ ముందు కొలతాడు కోసం మొల తడుముకుంటున్న దొంగ బొమ్మ]

శూద్రకుని సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడనే దొంగ కథానాయకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేయడానికి వస్తాడు. ఇతడు చౌర్యశాస్త్రాన్ని శ్రద్ధగా అభ్యసించిన బ్రాహ్మణుడు. తెల్లవారాక చూసినవాళ్లు తన పనితనాన్ని మెచ్చుకోవాలి గనుక కన్నం ఏ ఆకారంలో ఉంటే బాగుంటుందా అని తర్కించి, చివరకు పూర్ణకుంభం ఆకారాన్ని ఎంచుకుంటాడు. తీరా చూస్తే కొలతాడు మరిచిపోయి వచ్చాడు! వెంటనే జంధ్యంతో గోడను కొలుస్తూ, తనవంటి బ్రాహ్మణుడికి ఇదెంత గొప్ప ఉపకరణమో వర్ణిస్తాడు: దీనితో గోడ కొలవవచ్చు, నగల బిగింపులు ఊడదీయవచ్చు, తలుపు గడియ తీయవచ్చు, పాము కరిస్తే కట్టు కట్టుకోవచ్చు. అన్నంతలోనే వేలిని పాము కరవనే కరుస్తుంది.

లోపలికి వెళ్లాక దొరికేవి మృదంగాలు, వీణలు వంటివే. ఇది నాట్యాచార్యుడి ఇల్లా అని దొంగ నిరాశ పడుతుండగా, నిద్రలో కలవరిస్తున్న చారుదత్తుని స్నేహితుడు మైత్రేయుడు, దొంగను చారుదత్తుడనుకొని, గోబ్రాహ్మణుల మీద ఒట్టు పెట్టి మరీ నగల మూటను అతని చేతిలో పెడతాడు. అంతటి ఒట్టును కాదనడం ధర్మం కాదు కాబట్టి దొంగ దాన్ని స్వీకరిస్తాడు.

[తెరపై: పాఠ్యపుస్తకం పుట, అంచుల్లో ప్రశ్నలు, మార్కులు]

ఈ నాటకం పేరు చాలామంది విన్నదే, కానీ ఈ దొంగ సంగతి తెలిసినవారు తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. ప్రాచీన గ్రంథం మన చేతికి వచ్చేసరికి దాని ముందు కవి కాలనిర్ణయం, వెనుక సందర్భసహిత వ్యాఖ్యలు చేరి ఉంటాయి. పరీక్షకు పనికివచ్చే నీతివాక్యాలు మిగిలి, దొంగలు, తాగుబోతులు, అబద్ధాలకోరులు నిశ్శబ్దంగా తప్పుకొని ఉంటారు. అప్పుడు మనం పుస్తకాన్ని గౌరవించడానికి సిద్ధపడి తెరుస్తామే గాని, నవ్వడానికి సిద్ధపడి తెరవం. ఎదురుచూడని చోట నవ్వు వచ్చినప్పుడు కలిగే ఆశ్చర్యంలో సగం ఆ గౌరవం పుణ్యమే.

తొలి పాఠకులకు ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే తాము చదువుతున్నది క్లాసిక్ అని వారికి ఎవరూ చెప్పలేదు. చార్లెస్ డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’ 1836లో నెలనెలా విడి భాగాలుగా వెలువడడం మొదలైంది. వెయ్యి ప్రతులతో ప్రారంభమై ఆదరణ లేక కుంటుతున్న ఆ ప్రచురణ, సామ్ వెల్లర్ అనే నోటిదురుసు సేవకుడు కథలోకి ప్రవేశించాక పుంజుకొని, చివరికి సుమారు 40,000 ప్రతులకు చేరింది. విమర్శకుల తీర్పు కన్నా, వచ్చే నెల ఏం జరుగుతుందోనన్న ఆత్రమే ఆ పుస్తకాన్ని నిలబెట్టింది.

[తెరపై: మంచం, దాని కింద నుంచి కనబడుతున్న రెండు జతల కాళ్లు]

అయితే భాష అడ్డుపడుతుందన్న మాట అబద్ధం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మార్చిన రూపంతో మళ్లీ వెలువడింది. దాని సంభాషణలు కంటితో చదివితే తొలి పుటల్లో తడబాటు తప్పదు. పైకి చదివితే మాత్రం మనుషులు లేచి నిలబడతారు. మధురవాణి ఇంటికి పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చినప్పుడు గిరీశం మంచం కిందికి దూరుతాడు. అక్కడ అప్పటికే రామప్పంతులు నక్కి ఉన్నాడు. గిరీశానికి పడవలసిన చీపురు దెబ్బ పంతులుకు పడుతుంది, గిరీశం తప్పించుకుంటాడు. దీనికి ఏ టీకా అక్కరలేదు. అలవాటు పడవలసింది మన చెవే, దానికి కొన్ని పుటల ఓపిక చాలు.

ప్రతి క్లాసిక్కూ ఆనందం ఇస్తుందని నేననను. మెల్విల్ 1851లో ప్రచురించిన ‘మోబీ డిక్’లో తిమింగలాల వర్గీకరణకు కేటాయించిన అధ్యాయం దగ్గర విసుగు పుడితే దాటేసి ముందుకు వెళ్లడంలో అపరాధమేమీ లేదు. పీఠికలను చివర చదవడం కూడా మంచిది, వాటిని రాసే పండితులకు కథ ముగింపు ముందే చెప్పేసే అలవాటు ఉంటుంది.

[తెరపై: ఒకే పేరుతో ఉన్న రెండు పుస్తకాలు, ఒకదానిపై ప్రశ్నార్థకం]

మరికొన్ని చోట్ల ఓపికకు తగిన ఫలితం ఆలస్యంగా అందుతుంది. సెర్వాంటెస్ ‘డాన్ క్విక్సోట్’ మొదటి భాగం 1605లో వచ్చింది. ఆయన రెండో భాగం పూర్తి చేయకముందే, 1614లో మరొకరు మారుపేరుతో నకిలీ రెండో భాగం అచ్చు వేశారు. సెర్వాంటెస్ ఆ కోపాన్ని 1615 నాటి తన అసలు రెండో భాగంలోకే తెచ్చాడు. 59వ అధ్యాయంలో ఒక సత్రంలో దిగిన కథానాయకుడికి, పక్క గదిలో ఎవరో తన గురించిన ఆ నకిలీ పుస్తకం చదువుకుంటున్న మాటలు వినబడతాయి. అందులో తాను జరగోజా నగరానికి వెళ్లినట్టు రాశారని తెలియగానే, ఆ రచయిత అబద్ధాన్ని లోకానికి చాటడానికి, ఎప్పటినుంచో అనుకుంటున్న జరగోజా ప్రయాణం మానుకొని బార్సిలోనాకు బయలుదేరతాడు. ఈ అధ్యాయాన్ని విడిగా తీసి చదివినా నవ్వు వస్తుంది. కానీ మొదటి భాగమంతా అతని వెంట తిరిగి, ఆ మొండితనం ఎంతటిదో చూసిన పాఠకుడికే అతడు దారి మళ్లడంలోని అల్లరి పూర్తిగా అందుతుంది.