పోడియం ఎక్కనన్న సూర్యా బొనాలీ

వేదిక మీదున్న పెద్దలకీ, కోచ్‌లకీ, ప్రాక్టీసు వదులుకుని వచ్చి ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘క్రీడల్లో క్రమశిక్షణ’. మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్‌లో క్రమశిక్షణ లేని మనిషి ఎవరంటే ముప్పై ఏళ్లుగా చాలామంది చెప్పే పేరు సూర్యా బొనాలీ. అది అన్యాయమని చెప్పాలనే ఈ పిలుపుకి ఒప్పుకున్నాను.

ఫ్రాన్స్‌లోని నీస్‌లో 1973లో పుట్టింది. దత్తత తీసుకున్న తల్లి వ్యాయామ ఉపాధ్యాయురాలు కాబట్టి జిమ్నాస్టిక్స్, టంబ్లింగ్ చిన్నప్పుడే ఒంటబట్టాయి. 1989 నుంచి 1997 దాకా వరుసగా తొమ్మిదిసార్లు ఫ్రాన్స్ ఛాంపియన్, 1991 నుంచి 1995 దాకా వరుసగా ఐదుసార్లు యూరప్ ఛాంపియన్. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో క్రీడాకారులందరి తరఫునా ప్రమాణం చేసింది కూడా ఆమే. ఆ పోటీలోనే క్వాడ్ ప్రయత్నించింది, అంటే గాల్లో నాలుగు చుట్లు. చివరి చుట్టు పూర్తి కాకుండానే దిగింది కాబట్టి లెక్కలోకి రాలేదు. కానీ అప్పట్లో మగవాళ్లలోనే క్వాడ్ చేసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంత చేసిన మనిషికి వరల్డ్స్‌లో, అంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 1993, 1994, 1995 మూడేళ్లూ వెండే.

1994 గురించి కాస్త నిలబడి చెప్పాలి. జపాన్‌లోని చీబాలో పోటీ. ఆ ఏడాది ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచిన ముగ్గురూ రాలేదు, ఈసారి బొనాలీదే అనుకున్నారంతా. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు జపాన్ స్కేటర్ యూకా సాతోకి మొదటి స్థానం ఇచ్చారు, నలుగురు బొనాలీకి. ఒక్క జడ్జి తేడా. బొనాలీ పోడియం, అంటే పతకాలిచ్చే మెట్ల వేదిక, ఎక్కకుండా పక్కనే నేల మీద నిలబడిపోయింది. ఒక అధికారి వచ్చి నచ్చజెప్పి ఎక్కించారు, మెడలో వెండి పతకం పడింది, ఆమె తీసేసింది. హాలంతా గోల. ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు, ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది వయసు!

సాతో గెలవకూడదని నేననడం లేదు. ఆమె అడుగుల్లో ఉన్న తేలికదనం, మంచు మీద చప్పుడు లేకుండా జారిపోవడం ఇప్పటికీ చూసి నేర్చుకోవాల్సినవే. నా బాధ వేరు. అప్పట్లో 6.0 పద్ధతిలో, అంటే ఆరుకి మార్కులు వేసే పద్ధతిలో, ఒక మార్కు టెక్నిక్‌కి, ఇంకొకటి ప్రెజెంటేషన్‌కి, అంటే చూపించే తీరుకి. ఈ రెండోదానికి కొలత ఏది? బ్యాలే డ్యాన్సర్‌లా సన్నగా, సుకుమారంగా ఉండటమే అందమని ఒకసారి మనసులో పడిపోయాక, బలమైన కాళ్లున్న ఒక నల్లజాతి జిమ్నాస్ట్ ఎంత ఎత్తు ఎగిరినా ఆ మార్కు దగ్గర ఆగిపోతుంది. ‘ఆకర్షణ లేదు’ అనే మాట ఎంతమంది పిల్లల్ని ఇంటికి పంపేసిందో కోచ్‌లకి తెలుసు.

ఇక పల్టీ సంగతి. 1976 ఒలింపిక్స్‌లో అమెరికన్ టెర్రీ కుబికా వెనక్కి పల్టీ కొట్టాక అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య దాన్ని నిషేధించింది. ప్రమాదం అన్నారు, జంప్ అన్నాక ఒంటికాలి మీద దిగాలి, దీనికి రెండు కాళ్లూ ఆనుతాయి అన్నారు. 1996లో బొనాలీకి మడమ పైనుండే అకిలిస్ స్నాయువు తెగింది. అయినా కోలుకుని 1998 నగానో ఒలింపిక్స్‌కి వచ్చింది. ఫ్రీ స్కేట్‌లో, అంటే రెండోదైన పొడవాటి ప్రదర్శనలో, పడింది, పతకం చేజారిందని తెలిసిపోయింది. అప్పుడు వెనక్కి జారుతూ ఎగిరి, తల కిందకీ కాళ్లు పైకీ తిరిగి, కొన్ని మిల్లీమీటర్ల మందం ఉండే బ్లేడు మీద ఒంటికాలితో దిగింది. చూడండి ఆ వీడియో, దయచేసి నెమ్మది చేసి చూడండి! రెండు కాళ్ల అభ్యంతరానికి ఆ ఒక్క కాలే జవాబు. మార్కులు కోసేశారు, పదో స్థానం. అదే ఆమె ఆఖరి ఒలింపిక్స్.

2024లో ఫ్రెంచ్ స్కేటర్ ఆడమ్ సియావో హిమ్ ఫా రెండు పాయింట్లు పోతాయని తెలిసే అదే పల్టీ కొట్టి యూరోపియన్ టైటిల్ గెలిచాడు. ఆ ఏడాదే సమాఖ్య నిషేధం ఎత్తేసింది. అతనంటే నాకు గౌరవమే. కానీ 1998లో తప్పన్నది ఇవాళ తప్పు కానప్పుడు, దాని కోసం ముందుగా మూల్యం చెల్లించిన మనిషికి కనీసం ‘క్రమశిక్షణ లేనిది’ అనే ముద్రైనా తీసేయాలి కదా?

మీలో రేపు జడ్జీలుగా కూర్చోబోయేవాళ్లు ఉన్నారు. ఒక పని చేయండి. చీబాలో ఆ ఇద్దరూ చేసిన ఫ్రీ స్కేట్‌లు రెండూ చూసి, మార్కులు కాగితం మీద వేసి, ప్రతి మార్కు పక్కనా కారణం రాయండి. ప్రెజెంటేషన్ దగ్గర ఏం రాశారో నాకు పంపండి, తప్పకుండా చదువుతాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.