అమ్మతో బ్యాంకాక్‌లో మూడు రోజులు

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: నమస్తే అండీ, ఖమ్మం నుంచి.

వ్యాఖ్యాత: రేడియో సౌండ్ కాస్త తగ్గించి చెప్పండమ్మా.

శ్రోత: తగ్గించానండీ. జనవరిలో అమ్మని తీసుకుని బ్యాంకాక్ వెళ్దామనుకుంటున్నాను. మూడు రోజులే. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. తమ్ముడు చూడాల్సినవి లిస్టు రాసి పంపాడు. పద్నాలుగు చోట్లున్నాయి. అది చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

అతిథి: ఆ లిస్టు పక్కన పెట్టేయండమ్మా. మ్యాపులో అన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. సాయంత్రం పూట సుకుమ్‌విత్ రోడ్డులో టాక్సీ ఎక్కితే అర్థమవుతుంది, నడిచేవాళ్లు మనల్ని దాటి వెళ్లిపోతుంటారు. పొద్దున ఒక చోటు, చల్లబడ్డాక ఒక చోటు, చాలు. మధ్యాహ్నం అమ్మగారు గదిలో నడుం వాల్చాలి. జనవరిలో కూడా ఎండ 32 డిగ్రీల దాకా ఉంటుంది.

శ్రోత: గది ఏ ఏరియాలో తీసుకోమంటారు?

అతిథి: సఫాన్ తాక్సిన్ స్టేషన్ చుట్టుపక్కల చూడండి. స్కైట్రైన్, అంటే పైన నడిచే మెట్రో రైలు, దిగి మెట్లు దిగితే ఎదురుగా సాథోన్ రేవు. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కండి, టికెట్టు 16 బాత్, బాత్ అంటే అక్కడి డబ్బు. చావో ఫ్రాయా నది మీద ట్రాఫిక్ అన్న మాటే ఉండదు. కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు గొట్టం ఉంటుంది. అందులోనే చిల్లర, అందులోనే టికెట్లు. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంది. పడవ రేవుకి ఆనేటప్పుడు వెనకనున్న మనిషి ఈల మీద ఈల వేస్తుంటాడు. అది ఆగేది కొద్దిసేపే, అందుకని అమ్మగారి చెయ్యి ముందే పట్టుకోండి.

వ్యాఖ్యాత: మరి మొదటి రోజు ఏం చూడాలి?

అతిథి: రాజభవనం. పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, ఆ వేళకే గేటు దగ్గర ఉండాలి. టికెట్టు 500 బాత్. చీరకి ఇబ్బంది లేదు కానీ స్లీవ్‌లెస్ జాకెట్టు వద్దు, భుజాలు కప్పుకోవాలి. లోపల మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ప్రాకారం ఉంటుంది. ఆ గోడల మీద రామాయణమంతా చిత్రాలుగా వేశారు, 178 ఘట్టాలు. వాళ్లు రామకియెన్ అంటారు. జనకుడికి సీతమ్మ దొరికిన చోట మొదలవుతుంది. రావణుడి పేరు తోసకన్, మన దశకంఠుడే. ఆ కథలో సీత రావణుడి కూతురే. హనుమంతుడు తెల్లగా మెరుస్తుంటాడు, అయితే అక్కడ ఆయన బ్రహ్మచారి కాడు. రామాయణం నోటికి వచ్చిన మనిషికి ఆ గోడ ముందు టైమే తెలియదు. పైన నీడ కూడా ఉంది. తమ్ముడుగారి పద్నాలుగులో పది వదిలేసినా ఈ గోడకి మాత్రం రెండు గంటలు ఇవ్వండి.

శ్రోత: అమ్మ రోజూ పారాయణం చేస్తుందండీ!

అతిథి: ఇంకేం మరి. ఒక్క జాగ్రత్త. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గోడ బయట ఒకాయన ఎంతో మర్యాదగా, "ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా తెరవరు" అన్నాడు. 20 బాత్‌కి టుక్‌టుక్‌లో, అంటే అక్కడి ఆటోలో, ఊరంతా తిప్పిస్తానంటే ఎక్కాను. తీసుకెళ్లి రాళ్ల నగల కొట్టు ముందు దింపాడు. తిరిగొచ్చేసరికి మూడున్నర దాటింది, టికెట్లు ఇవ్వడం ఆపేశారు. గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూసేవరకూ ఎవరేం చెప్పినా నమ్మొద్దు.

శ్రోత: భోజనం సంగతి?

అతిథి: కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ పోస్తారమ్మా. "జే" అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు కనిపిస్తే అక్కడ మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. రోటీ, పప్పు కావాలంటే పహురాత్ వీధిలో మనవాళ్ల హోటళ్లున్నాయి. రెండో రోజు వాట్ ఫో ఆలయంలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి, నది అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ ఆలయాన్ని రేవు నుంచే చూడండి. దాని మెట్లు నిటారుగా ఉంటాయి, ఆ మోకాళ్లతో ఎక్కించొద్దు. మూడో రోజు ఏమీ పెట్టుకోకండి. అన్నట్టు, అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు, అంటే థాయ్‌లాండ్‌లోకి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే ఫారం, నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగిన సైటు నకిలీదే.

శ్రోత: అమ్మ మాట్లాడతానంటోందండీ, ఇస్తున్నాను.

తల్లి: బాబూ, ఆ గుళ్లో మనల్ని దణ్ణం పెట్టుకోనిస్తారా?

అతిథి: ఎందుకు పెట్టుకోనివ్వరమ్మా! మరకత బుద్ధుడి గుడి బయట తామర మొగ్గలు, నీళ్లు పెట్టి ఉంచుతారు. మొగ్గని నీళ్లలో ముంచి తల మీద చల్లుకుంటారు, మీరూ చల్లుకోండి. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, పాదాలు విగ్రహం వైపు పెట్టకుండా పక్కకి మడిచి కూర్చోండి. లోపల ఫొటోలు తీయనివ్వరు.

తల్లి: ఫొటోలెందుకు నాయనా. కాసేపు కూర్చోనిస్తే చాలు.

అతిథి: కూర్చోండమ్మా, ఎవరూ లేవమనరు.

వ్యాఖ్యాత: క్షేమంగా వెళ్లి రండమ్మా. కాకినాడ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు. హలో...