ఆకాశం లేని లోయ: కూర్బే రాళ్లని చూడటం

అందరికీ నమస్కారం. తెర మీద ఉన్నది ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ కూర్బే 1864లో వేసిన ‘లూ నది పుట్టుచోటు’ అనే చిత్రం. తూర్పు ఫ్రాన్స్‌లో, ఆయన సొంతూరు ఓర్నాన్‌కి ఎగువన లోయ మొదలయ్యే దగ్గర, సున్నపురాయి కొండకున్న పెద్ద గుహలోంచి ఈ నది బయటికొస్తుంది. ఇవి జూరా కొండలు. జురాసిక్ యుగానికి ఆ పేరొచ్చింది వీటి వల్లే.

ముందు ఇందులో ఏం లేదో చూడండి. ఆకాశం లేదు. మనిషి లేడు. మన చూపు తీరిగ్గా దూరం పోవడానికి ఒక దారి కూడా లేదు. ఎటు చూసినా రాయే అడ్డం. అందం చూసి పోదామని వచ్చినవాడైతే నాలుగడుగులు వెనక్కి జరిగి, పైన కాస్త నీలం, పక్కన కాస్త పచ్చదనం కలుపుకునేవాడు. కూర్బే అక్కడే పుట్టి పెరిగినవాడు. ఆయనకి ఆ రాయి చాలు.

ఇప్పుడు గుహ పక్కనున్న బండని చూడండి. కూర్బే ముందు కాన్వాస్‌కి ముదురు రంగు పూసి, దాని మీద వెలుతురు రంగులు ఎక్కించుకుంటూ వచ్చేవాడు. రాళ్ల దగ్గరికొచ్చేసరికి కుంచె పక్కన పెట్టి పాలెట్ నైఫ్, అంటే రంగులు కలిపే పల్చటి కత్తి, పట్టేవాడు. మేస్త్రి తాపీతో సున్నం మెత్తినట్టు రంగుని మెత్తి, లాగి, గీకేవాడు. సున్నపురాయి పొర మీద పొర పేరుకుని గట్టిపడ్డదే. రంగూ అలాగే పేరుకుంది. కూర్బేని రియలిజం చిత్రకారుడంటారు. రియలిజం అంటే అచ్చం ఫొటోలా ఉండటం అనుకుంటాం. నాకైతే ఇక్కడ పోలిక కన్నా బరువే ముందు తగులుతుంది.

మధ్యలో ఆ నల్లటి నోరు. 1866లో ఆయన వేసిన స్త్రీ నగ్నచిత్రంతో కలిపి దీన్ని స్త్రీ శరీరంగా చదివిన విమర్శకులున్నారు. తోసిపారేయదగ్గ మాట కాదు. కానీ అక్కడి నుంచే మొదలుపెడితే రాయిని చూడటం మానేస్తాం.

ఆ చీకట్లోంచి వచ్చే నీళ్ల గుట్టు కూర్బే పోయాక గానీ బయటపడలేదు. 1901లో పాంటార్లియే ఊళ్లో మద్యం ఫ్యాక్టరీ తగలబడి, ఆబ్సింత్ అనే ఘాటైన మద్యం ఆ ఊరి పక్కన పారే దూబ్ నదిలో కలిసింది. ఆ తర్వాత ఇక్కడి నీళ్లలో అదే వాసన వచ్చింది. దూబ్ నీళ్లే కొన్ని నేల కిందగా వచ్చి లూ అవుతున్నాయని అలా తెలిసింది. 1877లోనే పోయిన కూర్బేకి ఇది తెలిసే వీలు లేదు. లోపల ఏముందో ఊహించి వేయలేదాయన. కనిపించినంత వరకే వేసి, మిగతాది చీకటిగానే వదిలేశాడు.

ఇది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్దది చేసి, ఆ కత్తి గీతల్ని దగ్గరగా చూడండి.