పీటాలో 5 వెజ్ ఫిల్లింగ్స్ పెట్టి చూశా, 20 నిమిషాల తర్వాత ఏది మిగిలిందంటే

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఇది రెసిపీ వీడియో కాదు, రివ్యూ. కాకపోతే నాకు నోరు ఊరుకోదు కాబట్టి మధ్యలో కొలతలు కూడా వచ్చేస్తుంటాయి, పేపరూ పెన్నూ పక్కన పెట్టుకోండి.

పీటా అంటే లోపల జేబులా ఖాళీ ఉండే గుండ్రటి పశ్చిమాసియా రొట్టె, ఆ జేబులో కూరలు నింపితే పీటా శాండ్‌విచ్. దాని గురించి ఏ వీడియో చూసినా రుచి గురించే చెప్తారు, ఆహా ఓహో అంటారు, కానీ బాక్సులో పెట్టుకుని తీసుకెళ్లి తినేటప్పుడు ఏమవుతుందో ఒక్కరూ చెప్పరు. అడుగు చిరిగి సాస్ అంతా మోచేతి దాకా కారుతుంది. నాకు ఎన్నిసార్లు అయిందో లెక్కలేదు, ఒకసారైతే తెల్ల చొక్కా మీద. అందుకే ఈసారి 5 రకాల ఫిల్లింగ్స్ చేసి, పీటాలో పెట్టి, పేపర్లో చుట్టి, సరిగ్గా 20 నిమిషాలు టైమర్ పెట్టి, తర్వాత ఒంటిచేత్తో పట్టుకుని తిన్నా. చిరిగితే ఫెయిల్. రుచి ఎంత బాగున్నా సరే, ఫెయిలే.

ముందు బ్రెడ్ సంగతి ఒక్క నిమిషం. పీటా ఎందుకు జేబులా విచ్చుకుంటుందంటే, బాగా వేడిగా, అంటే 230 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో పడేసరికి పిండిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పై పొరని కింద పొరని విడదీసేస్తాయి, బూరెలా ఉబ్బుతుంది, చల్లారాక లోపల ఖాళీ మిగులుతుంది. అదే మన జేబు. గ్రీక్ పీటా అని అమ్మేదానికి మామూలుగా ఈ జేబు ఉండదు, అది చుట్టుకుని తినేది, కొనేటప్పుడు చూసుకోండి. ఇంకోటి, చల్లటి పీటాని ఎప్పుడూ తెరవకండి, బిరుసెక్కి ఉంటుంది, పటుక్కున చిరుగుతుంది. రెండు చుక్కలు నీళ్లు చిలకరించి పెనం మీద అటో అర నిమిషం ఇటో అర నిమిషం వేడి చేసి, బట్టలో చుట్టి ఒక రెండు నిమిషాలు వదిలేయండి, మెత్తబడిపోతుంది.

ఒరేయ్ తమ్ముడూ, కెమెరా కొంచెం దగ్గరికి తే. ఇదిగో చూడండి, పైన ఒక అంగుళం కత్తెరతో కట్ చేశా కదా, ఈ నెలవంక ముక్కని పారేయొద్దు. దీన్నే లోపలికి దింపి అడుగున పరిచేయండి. చెప్పులకి అదనపు అట్ట వేసినట్టు అన్నమాట. కారేదంతా ముందు ఇది పీల్చుకుంటుంది, తర్వాతే అసలు అడుగు తడుస్తుంది. ఈ ఒక్క పనికే నా చొక్కాలు బతికాయి.

సరే, మొదటిది ఫలాఫెల్, అంటే శనగలు రుబ్బి నూనెలో వేయించే ఉండలు. దీని దగ్గర నేను అక్షరాలా పప్పులో కాలేశా. మొదటిసారి చేసినప్పుడు, ఎలాగూ మెత్తగా ఉండాలి కదా అని కాబూలీ శనగలు ఉడకబెట్టి రుబ్బి ఉండలు చేసి నూనెలో వేశా. వేసిన పది సెకన్లలో ఉండ కాస్తా విడిపోయి నూనె అంతా బురదైంది, మూకుడు కడగడానికి పట్టిన టైమ్‌లో ఇంకో వంట అయిపోయేది. విషయం ఏంటంటే శనగలు ఉడకబెట్టకూడదు, నానబెట్టాలంతే. పచ్చి శనగలో ఉన్న పిండి పదార్థం నూనె వేడికి అప్పుడు ఉడికి జిగురులా పట్టుకుంటుంది, ముందే ఉడికించేస్తే ఆ జిగురు పని అప్పటికే అయిపోయి ఉంటుంది, పైగా నీళ్లు కూడా ఎక్కువ, ఇంకేం పట్టుకుంటుంది. డబ్బాలో వచ్చేవి కూడా ఉడికించినవే, దీనికి పనికిరావు.

పావు కిలో ఎండు శనగలు రాత్రంతా నానబెడితే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. నీళ్లు వంపేసి, బట్ట మీద ఆరబెట్టి, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు పార్స్‌లీ (కొత్తిమీరలాంటి ఆకే), గుప్పెడు కొత్తిమీర, చెంచాడు జీలకర్ర పొడి, చెంచాడు ధనియాల పొడి, ఉప్పు. మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ముద్ద అవ్వకూడదు, తడి రవ్వలా ఉండాలి. చేతిలోకి తీసుకుని నొక్కితే నిలబడాలి, వేలితో పొడిస్తే రాలిపోవాలి, అదీ గుర్తు. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, వేయించే ముందు అర చెంచా బేకింగ్ పౌడర్ కలిపి, 175 నుంచి 180 డిగ్రీల నూనెలో ఒక నాలుగు నిమిషాలు. ఈజిప్టులో అయితే శనగలు కాదు, ఫావా బీన్స్ అనే పెద్ద చిక్కుడు జాతి గింజలతో చేస్తారు, దాన్ని తామియా అంటారు, లోపల ఇంకా పచ్చగా, ఇంకా తేలిగ్గా ఉంటుంది.

20 నిమిషాల టెస్ట్‌లో ఫలాఫెల్‌కి నేను 10కి 8 ఇస్తున్నా. పీటా చెక్కుచెదరలేదు. ఆ రెండు మార్కులు ఎందుకు కోశానంటే, పైన ఉన్న కరకర పోయింది. పేపర్లో చుడితే ఆవిరికి మెత్తబడక ఏమవుతుంది. వేయించగానే కాకుండా ఒక అయిదు నిమిషాలు జల్లెడ మీద ఆరనిచ్చి పెడితే కొంత నయం.

దీనికి సాస్ తహిని. నువ్వుల ముద్దే, దాంట్లో నిమ్మరసం పోసి కలపగానే గట్టిపడి సిమెంటులా అవుతుంది, చాలామంది అక్కడే పాడైపోయిందనుకుని పారేస్తారు. నేనూ ఒకసారి పారేశా, అబద్ధం ఎందుకు. పాడవలేదండీ. నువ్వుల పొడి ఆ కాస్త తడిని పీల్చుకుని ఉండకట్టింది అంతే, ఇంకా నీళ్లు కావాలంటోంది. చల్లటి నీళ్లు చెంచా చెంచా పోస్తూ కలుపుతూనే ఉండండి... చూస్తున్నారా, ఇప్పుడు ముద్దగా ఉంది, ఇంకో చెంచా, ఇంకోటి, ఆ ఇదిగో, ఒక్కసారిగా తెల్లబడి క్రీమ్‌లా జారింది. నాకైతే ఈ సీన్ ఎన్నిసార్లు చూసినా బోర్ కొట్టదు.

రెండోది హమ్మస్, అంటే ఉడికిన శనగలు, తహిని, నిమ్మరసం కలిపి మెత్తగా రుబ్బిన ముద్ద, మీద పచ్చి కూరగాయల సలాడ్. హమ్మస్ అంటే అరబిక్‌లో శనగలనే అర్థం. ఇక్కడ మాత్రం శనగలు ఉడకాలి, అదీ మామూలుగా కాదు, అర చెంచా వంటసోడా వేసి, రెండు వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలిగిపోయేదాకా. సోడా వేస్తే పొట్టు కరిగినట్టు అయిపోతుంది, నునుపు అక్కడే వస్తుంది, నూనె గుమ్మరిస్తే రాదు. వెల్లుల్లిని ముందు నిమ్మరసంలో రుబ్బి పది నిమిషాలు వదిలేస్తే ఆ ఘాటు కూడా ముక్కుకి కొట్టదు.

రుచికి పేరు పెట్టక్కర్లేదు. కానీ టెస్ట్‌లో ఘోరంగా ఫెయిల్. తప్పు హమ్మస్‌ది కాదు, సలాడ్‌ది. టమాటా, కీరా సన్నగా తరిగి ఉప్పు నిమ్మరసం కలిపి నేరుగా పెట్టేశా, 20 నిమిషాల్లో అది నీళ్లు వదిలి వదిలి, పేపర్ విప్పేసరికి అడుగున చెరువు. మొదటి కొరుకుకే చిరిగింది, వీడు ఆ టైమ్‌లో నవ్వుతున్నాడు చూడండి కెమెరా ఊగుతోంది. రెండోసారి ఏం చేశానంటే టమాటా గింజలు, కీరా గింజలు తీసేసి, ఉప్పు వేసి జల్లెడలో పావుగంట వదిలేశా. కింద గిన్నెలోకి దగ్గర దగ్గర పావు కప్పు నీళ్లు దిగాయండి! అవన్నీ పీటాలోకే పోయేవి. అలా చేసి, హమ్మస్‌ని మధ్యలో ముద్దగా కాకుండా జేబు లోపల రెండు గోడలకీ గోడకి సున్నం వేసినట్టు రాసి, అప్పుడు సలాడ్ పెడితే పాసైంది. హమ్మస్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి నీళ్లని బ్రెడ్ దాకా అంత త్వరగా పోనివ్వదు. మొదటి పద్ధతికి 3, రెండో దానికి 7.

మూడోది వంకాయ. ఇదే నా ఫేవరెట్, దాచడం దేనికి. ఇరాకీ యూదులు ఇజ్రాయెల్‌కి తీసుకెళ్లిన సబీహ్ అనే శాండ్‌విచ్ ఉంది, వేయించిన వంకాయ, ఉడికిన గుడ్డు, తహిని, మామిడితో చేసే అంబా అనే పుల్లటి సాస్, కొందరు ఉడికిన బంగాళాదుంప కూడా వేస్తారు. నేను గుడ్డు తీసేసి దుంప ఉంచా. వంకాయని సెంటీమీటరు మందాన చక్రాలు కోసి ఉప్పు రాసి అరగంట ఉంచి తుడిచేయండి. వంకాయ లోపలంతా స్పాంజిలా గాలి ఉంటుంది, ఉప్పు పట్టించకుండా వేయిస్తే నూనె తాగుతూనే ఉంటుంది, ఎంత పోసినా ఇంకా కావాలంటుంది. నేను వేయించలేదు కూడా, నూనె రాసి 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట, మధ్యలో ఒకసారి తిప్పా. అంచులు నల్లబడాలి, మధ్యలో జామ్‌లా అవ్వాలి. సగం ఉడికిన వంకాయ అంత దరిద్రం ఇంకోటి లేదు, నోట్లో రబ్బరు నమిలినట్టే.

20 నిమిషాల తర్వాత... ఇదిగో, పట్టుకున్నా, చిరగలేదు, కారలేదు. పైగా రుచి పెరిగింది, వంకాయలో తహిని ఇంకి ఒకటే అయిపోయింది. దుంప అడుగున కూర్చుని మిగతా తడి లాగేసింది. 10కి 9న్నర. ఆ అర మార్కు ఊరికే కోశా, మరీ 10 ఇస్తే నమ్మరు కదా.

నాలుగోది మష్రూమ్, షవర్మా మసాలాతో, అంటే అరబ్బుల కాల్చిన మాంసం శాండ్‌విచ్‌కి వాడే మసాలా. మష్రూమ్‌లో 90 శాతం నీళ్లే, కాబట్టి పెనం బాగా కాల్చి, కొద్ది కొద్దిగా వేసి, ఉప్పు చివర్లో వేయాలి. నేను తొందరపడి మొత్తం ఒకేసారి వేసేశా, వేగాల్సింది పోయి సొంత నీళ్లలో ఉడికింది. మళ్లీ నీళ్లు ఇగిరేదాకా నిలబడ్డా. జీలకర్ర, ధనియాలు, పాప్రికా (ఎర్ర మిరప పొడి), చిటికెడు దాల్చినచెక్క. బాగుంది, 7. ఎక్కువ చెప్పడానికేం లేదు.

అయిదోది హలూమి చీజ్. సైప్రస్‌ది, పెనం మీద వేసినా కరగదు, ముక్క ముక్కగానే ఎర్రగా కాలుతుంది, పీటాలో పెడితే తడి సమస్యే లేదు. మరి మార్కులు ఎందుకు తగ్గించా? రెండు కారణాలు. చల్లారితే పళ్ల మధ్య కీచుకీచుమంటుంది, 20 నిమిషాల తర్వాత దవడ నొప్పి. రెండోది, ఇది శాకాహారులు వినాల్సింది, చాలా చీజ్‌లలో పాలు విరగడానికి రెనెట్ వేస్తారు, సంప్రదాయంగా అది దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసేది. చీజే కదా వెజ్జే అనుకుని తినేస్తాం. మైక్రోబియల్ (సూక్ష్మజీవుల నుంచి తీసిన) రెనెట్ అనో వెజిటేరియన్ అనో లేబుల్ మీద ఉందా చూడండి, గ్రీకుల ఫెటా చీజ్‌కి కూడా ఇదే మాట. నిమ్మరసంతో విరగ్గొట్టిన చీజ్ అయితే ఈ గొడవే లేదు. హలూమికి 5.

కాబట్టి బాక్సులో తీసుకెళ్లాలంటే వంకాయ, ఇంట్లో అప్పటికప్పుడు తినాలంటే ఫలాఫెల్. సాస్ ఏదైనా సరే పైన పోయకండి, చిన్న డబ్బాలో విడిగా పట్టుకెళ్లి తినేముందు వేసుకోండి.

చిరిగిపోయిన పీటాలు ఏం చేశావ్ అని కింద అడుగుతారు, నాకు తెలుసు. తడవనివన్నీ ముక్కలు చేసి ఆలివ్ నూనె రాసి ఓవెన్‌లో కరకరలాడించా, లెబనాన్‌లో ఫత్తూష్ సలాడ్‌లో వేసేవి అవే. సలాడ్ దాకా రాలేదు లెండి, నేను ఇటు తిరిగి మాట్లాడుతుంటే కెమెరా వెనకాల ఉన్నవాడు సగం ప్లేటు ఖాళీ చేసేశాడు. ఒరేయ్, హమ్మస్ గిన్నె అయినా ఇటు పెట్టు.