పరీక్ష రోజు రాని పిల్లలు

అందరికీ నమస్కారం. ఇందాక మెట్లెక్కుతుంటే ఒక హెచ్ఎం మేడమ్ ఆపి, "సార్, రాబోయే పరీక్షకు మోడల్ పేపర్లు తెచ్చారా, మా మండలానికి ఎన్ని సెట్లు ఇస్తారు?" అని అడిగారు. తేలేదమ్మా. ఎందుకు తేలేదో చెప్పడానికే ఈ గంట అడిగి మరీ తీసుకున్నాను.

ముందు రాబోయేదేమిటో చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం 3, 5, 8 తరగతుల పిల్లలందరికీ పరీక్ష పెట్టమంది, బడుల ప్రమాణాలు చూడటానికి రాష్ట్రానికో సంస్థ ఉండాలంది. ఇప్పటిదాకా మనం చూసినవి శాంపిల్ సర్వేలు. 2017లో, 2021లో నాస్, అంటే పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే జాతీయ సర్వే, జరిగింది. 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు అదే సర్వే పరఖ్ అన్న కొత్త పేరుతో జరిగింది, దేశం మొత్తం మీద 74 వేల పైచిలుకు బడులు, 21 లక్షల పైచిలుకు పిల్లలు. అందులో మీ బడి పడొచ్చు, పడకపోవచ్చు, పడినా రిపోర్టు జిల్లా పేరు మీద వస్తుంది గానీ మీ బడి పేరు మీద రాదు. అందరికీ పెట్టే పరీక్ష అలా కాదు, ప్రతి బడికీ ఒక నంబరు వచ్చేస్తుంది. ఆ నంబరు రివ్యూ మీటింగులో స్క్రీన్ మీద పడితే పైవాళ్లు ఏమంటారో అని అందరికీ టెన్షన్. మోడల్ పేపర్లు అడిగేది ఆ టెన్షన్‌తోనే, నాకు తెలుసు.

కానీ అదే విధానంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ పరీక్షల ఫలితాలను విద్యా వ్యవస్థను బాగు చేసుకోవడానికి మాత్రమే వాడాలి, బయటికి చెప్పినా పిల్లల పేర్లు లేకుండా చెప్పాలి అని. ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, ఆఫీసులో గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట అది.

నంబరు ఒక్కటే చూస్తే ఏమవుతుందో నాకు ఒక పిల్లవాడు నేర్పాడు. ఆరో తరగతి. వాళ్ల నాన్న మెహిదీపట్నం రైతుబజార్ దగ్గర ఆకుకూరలు అమ్ముతాడు, సాయంత్రాలు గల్లా చూసుకునేది వీడే. లెక్కల పేపర్లో వీడికి వచ్చింది 20కి 5. రిజిస్టర్లో పేరు పక్కన 'కూడికలు, తీసివేతలు రావు' అని రాశారు. నేను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న చదవమన్నాను. "ఒక బస్సులో 48 మంది ప్రయాణికులు ఉన్నారు. ఒక స్టాపులో 19 మంది దిగారు, 7గురు ఎక్కారు. ఇప్పుడు బస్సులో ఎందరు ఉన్నారు?" వాడు అక్షరం కింద వేలు పెట్టి ప్ర... యా... ణి... అని ఆగాడు, ఆ మాట దాటేసరికి వెనక చదివిన 48 మర్చిపోయి మళ్లీ మొదటికి వెళ్లాడు, అలా మూడుసార్లు. వేలి చెమటకి కాగితం మీద చిన్న మరక పడింది. ఇక చాల్లే నాన్నా అని నేనే చదివి వినిపించాను. ఎందరు అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా రాకముందే "ముప్పై ఆరు సార్" అన్నాడు.

వాడికి అప్పటికే నెల రోజులుగా తీసివేతల మీద రెమెడియల్ క్లాసు నడుస్తోంది. వాడికి కావాల్సింది వత్తులు, గుణింతాలు, రోజూ ఒక పేజీ గట్టిగా చదివించే మనిషి. 20కి 5 అన్న నంబరు మనకది చెప్పలేదు, పైగా తప్పు దారి పట్టించింది.

మన హైదరాబాద్‌లో ఇది ఇంకా ముదురుతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి నవంబర్లో చేరిన పిల్లలు వేరే. ఏ పిల్లకు ఏ భాషలో పేపర్ ఇవ్వాలో పరీక్ష రోజు పొద్దున తేల్చుకుంటే ఆ మార్కులకు అర్థం ఉండదు. ఇప్పుడే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించి చూడండి, చదవడం, లెక్కలు నేర్పే మన రాష్ట్ర కార్యక్రమం తొలిమెట్టులో చేసినట్టే, ఏ భాషలో చదివి అర్థం చేసుకోగలరో పేరు పక్కన రాసుకోండి. ఓఎమ్మార్ షీట్‌లో గడి ఎలా దిద్దాలో మాత్రం ఒకటి రెండుసార్లు చేయించండి, జవాబు తెలిసీ గడి తప్పు దిద్దితే పాపం కదా. అంతకు మించి ప్రాక్టీస్ పేపర్లతో నెలలు తినేయొద్దు.

అసలు సంగతికి వస్తాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో పైనుంచి టీము వచ్చి పిల్లలకు పరీక్ష పెడతారని కబురొచ్చింది. ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూములో అనుకున్నాం, సి గ్రేడ్ పిల్లలు వస్తే పర్సంటేజీ పడిపోతుందని. నా క్లాసులో నలుగురు. "రేపు మీకు సెలవు, ఇంటి దగ్గరే ఉండండి" అని వాళ్లకు చెప్పింది నేనే. ముగ్గురు రాలేదు. ఒక పాప వచ్చింది, తలకు నూనె పెట్టుకుని, ఉతికిన యూనిఫాం వేసుకుని, గేటు బయట నిలబడింది. నాకు కనపడగానే "సార్, నేను మంచిగ రాస్త సార్" అంది. నేను లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాది మా బడికి మంచి పేరొచ్చింది. ఇది నేను ఎక్కడా చెప్పుకోలేదు, ఇవాళ చెప్పకపోతే నాకు ఇక్కడ నిలబడే హక్కు లేదు అనిపించి చెబుతున్నాను.

ఈ దారిలో అమెరికా వాళ్లు మనకన్నా ముందే నడిచారు. 2002 జనవరిలో ఒక చట్టం తెచ్చి 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా చదవడంలో, లెక్కల్లో పరీక్ష పెట్టారు, 2014 కల్లా నూటికి నూరు మందీ పాసవ్వాలన్నారు, వరసగా వెనకబడిన బడుల మీద చర్యలన్నారు. అందులో మంచి కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. పేద పిల్లల, వికలాంగ పిల్లల, ఇంటి భాష వేరైన పిల్లల ఫలితాలు విడివిడిగా చూపాలన్నారు, సగటు చాటున ఎవరినీ దాచే వీల్లేకుండా. కనీసం 95 శాతం పిల్లలు పరీక్ష రాసి తీరాలన్నారు. గేటు బయట నిలబెట్టే బుద్ధి మన ఒక్కరిదే కాదు అన్నమాట. అయినా భయం దాని పని అది చేసింది. అట్లాంటా నగరంలో టీచర్లు, ప్రిన్సిపాళ్లు కలిసి 178 మంది, 44 బడుల్లో, పిల్లల జవాబులు దిద్దడం లాంటి మోసాల్లో ఉన్నారని 2011లో రాష్ట్ర విచారణలో తేలింది. కొందరికి కోర్టులో శిక్షలు పడ్డాయి. చివరికి ఆ చట్టాన్నే 2015లో తీసేసి ఇంకొకటి తెచ్చుకున్నారు.

ఎంఈఓలూ, చుట్టుపక్కల బడులన్నీ కలిపిన స్కూల్ కాంప్లెక్స్‌ను చూసే హెచ్ఎంలూ, ఈ మాట మీకు. ఒక బడి నంబరు తక్కువొచ్చిందంటే మెమో టైపు చేయించే ముందు ఆ బడికి వెళ్లి ఒక పూట కూర్చోండి. ఒకే టీచరు అయిదు తరగతులు చెబుతున్నారా, పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ, ఏడాది మధ్యలో ఎంతమంది చేరారు, ఎంతమంది బడి మానేశారు, చూడండి. కాంప్లెక్స్ బడులకు తోడుగా ఉండే సీఆర్పీని లెక్కలు పట్టుకురావడానికి కాకుండా ఆ టీచరు పక్కన నిలబడి పాఠం చెప్పడానికి పంపండి. మెమో అందుకున్న టీచరు వచ్చే ఏడు ఏం చేస్తారో నేను చేసి చూపించాను కదా.

వచ్చే కాంప్లెక్స్ మీటింగుకు పర్సంటేజీల షీటు తేవద్దు. క్లాసుకు ముగ్గురు పిల్లల జవాబు పత్రాలు తెండి, బాగా తక్కువ వచ్చినవాళ్లవి. ఒక్కో ప్రశ్న దగ్గర పిల్లలు ఎక్కడ ఆగారో కలిసి చూద్దాం. వాటితో పాటు పరీక్ష రోజు హాజరు రిజిస్టరు కూడా తెండి, ఎవరెవరు రాలేదో వాళ్ల పేర్లు ముందు చదువుదాం. నేను వస్తాను, సాయంత్రం దాకా ఉంటాను.