తాత ముక్కు మనవడికి ఎలా వచ్చింది?

అందరికీ నమస్కారం.

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా" అని మనకో సామెత ఉంది. ఈ సాయంత్రం నాకు ఆ సామెతతో చిన్న పేచీ ఉంది. ఎందుకంటే ఒక్కోసారి మొలుస్తుంది. నున్నగా, గుండ్రంగా ఉన్న బఠానీ గింజ నాటితే, కాసిన కాయలో గుండ్రటి గింజల పక్కనే ఒక ముడతల గింజ కనిపించవచ్చు. మరి ఆ ముడత ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ ప్రశ్నను పట్టుకుని ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషి గ్రెగర్ మెండెల్. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో నగరంలో మఠంలో ఉండేవాడు. 1856 నుంచి దాదాపు 28 వేల బఠానీ మొక్కలను పరిశీలించాడు. పని ఎలాంటిదో ఊహించుకోండి. బఠానీ పువ్వు రేకులు మూసుకుని ఉండగానే తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకుంటుంది. అందుకని మొగ్గ దశలోనే రేకులను నెమ్మదిగా విప్పాలి. లోపలున్న పది కేసరాలనూ పట్టకారుతో తుంచెయ్యాలి. ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. ఆ తర్వాత వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఒక పువ్వు కాదు, వందల పువ్వులు.

గుండ్రటి గింజల రకాన్నీ ముడతల గింజల రకాన్నీ కలిపితే, మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే వచ్చాయి. ముడత మాయమైంది. ఆ గింజలు నాటి, మొక్కలను వాటి మానాన వదిలేస్తే, తర్వాతి తరంలో 7,324 గింజలు కాశాయి. వాటిలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. దాదాపు మూడుకు ఒకటి. ఇది అందరూ బడిలో చదువుకున్నదే. నాకు అంతకంటే నచ్చేది ఆయన వేసిన తర్వాతి అడుగు. ఆ గుండ్రటి గింజల్లోంచి 565 మొక్కలు పెంచి చూశాడు. 193 మొక్కలకు అన్నీ గుండ్రటి గింజలే, 372 మొక్కలకు రెండు రకాలూ కాశాయి. చూడ్డానికి ఒకేలా ఉన్న గింజలు లోపల ఒకేలా లేవన్నమాట. పైకి కనిపించేది వేరు, లోపల దాచుకున్నది వేరు. ప్రతి లక్షణానికీ రెండు 'కారకాలు' ఉంటాయనీ, సంతానానికి ఒక్కో వైపు నుంచి ఒక్కొక్కటే వెళ్తుందనీ ఆయన తేల్చాడు. ఆ కారకాలనే ఇప్పుడు మనం జన్యువులంటున్నాం.

1865లో రెండు సాయంత్రాలు ఈ సంగతి స్థానిక విజ్ఞాన సంఘంలో చదివి వినిపించాడు. మరుసటి ఏడాది అచ్చయింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో ఆయన పోయాడు. 1900లో గానీ మిగతా శాస్త్రవేత్తలు ఆ వ్యాసం విలువ గుర్తించలేదు. కాబట్టి ఇవాళ మీరు నా ప్రసంగంలో కునుకు తీసినా నేనేమీ నొచ్చుకోను.

సరే, ముడత సంగతికి వద్దాం. మెండెల్‌కు కూడా తెలియని సంగతి ఇది, 1990లో బయటపడింది. బఠానీ గింజలో పిండిపదార్థాన్ని కొమ్మలు కొమ్మలుగా అల్లే ఒక ఎంజైమ్, అంటే రసాయన పనులు చేసిపెట్టే ప్రొటీన్, ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు మధ్యలో, ముడతల రకంలో, దాదాపు 800 అక్షరాల డీఎన్ఏ ముక్క (జన్యువులు రాసి ఉండే పదార్థమే డీఎన్ఏ) వచ్చి దూరింది. దాంతో ఆ ఎంజైమ్ పనిచేయదు. పిండిపదార్థం సరిగ్గా తయారుకాక చక్కెర మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువున్నచోట నీరు ఎక్కువ చేరుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గింజ ఉబ్బుతుంది. ఎండేటప్పుడు ఆ నీరంతా పోతుంది, లోపలి సరుకు తగ్గిపోతుంది, సాగిన తొక్క మాత్రం మిగులుతుంది. అదే ముడత.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ముడత కోసం ప్రత్యేకంగా జన్యువేమీ లేదు. ఉన్నదల్లా ఒక ఎంజైమ్ తయారీ సూచన, అది చెడిపోయిన రూపం. ముడత అనేది ఎక్కడో చివర్న, గింజ ఎండేటప్పుడు తేలిన ఫలితం. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నది ఇదే. తల్లిదండ్రుల నుంచి మనకు లక్షణాలు రావు, సూచనలు వస్తాయి. లక్షణం ప్రతి ఒంట్లోనూ మళ్లీ మొదట్నుంచి తయారవ్వాల్సిందే.

ఇలా చూస్తే బహిర్గతం, అంతర్గతం అనే మాటలు కూడా తేలిగ్గా అర్థమవుతాయి. మొదటి తరంలో పైకి కనిపించిన గుండ్రదనం బహిర్గతం, దాక్కున్న ముడత అంతర్గతం. చాలామంది బహిర్గత జన్యువు బలమైనదనీ, రెండోదాన్ని అణిచేస్తుందనీ అనుకుంటారు. అక్కడ కుస్తీ ఏమీ జరగడం లేదు. ఆ జన్యువుకు ఒక మంచి ప్రతి (కాపీ), ఒక చెడిన ప్రతి ఉన్న గింజలో, ఆ ఒక్క మంచి ప్రతి తయారుచేసే ఎంజైమే గింజను గుండ్రంగా ఉంచడానికి సరిపోతుంది. అంతే. కానీ అదే గింజను కోసి, పిండి రేణువులను మైక్రోస్కోప్ కింద చూస్తే, అవి అచ్చంగా గుండ్రటి రకంలోలాగా ఉండవు, ముడతల రకంలోలాగా కూడా ఉండవు. రెండింటికీ మధ్యలో ఉంటాయి. కంటితో చూస్తే బహిర్గతం, మైక్రోస్కోప్‌తో చూస్తే సగం సగం.

మనుషుల్లో దీనికి సికిల్ సెల్ వ్యాధి మంచి ఉదాహరణ. కణంలో జన్యువులను మోసే పోగుల్లాంటివాటిని క్రోమోజోములంటాం. వాటిలో 11వ దానిపై, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు సంబంధించిన ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. దాంతో ఆ జన్యువు సూచనతో తయారయ్యే ప్రొటీన్‌లో, 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరోది మారిపోతుంది. అంత చిన్న మార్పుకే, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని, ఎర్ర రక్తకణం కొడవలిలా వంకర తిరుగుతుంది. రెండు ప్రతులూ మారినవైతే జబ్బు. ఒక్కటే మారితే మనిషి మామూలుగానే ఉంటాడు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి కొంత రక్షణ కూడా దొరుకుతుంది. అతని రక్తం పరీక్షిస్తే మాత్రం రెండు రకాల హిమోగ్లోబినూ కనిపిస్తుంది. మరి ఈ జన్యువు బహిర్గతమా, అంతర్గతమా? దేన్ని చూసి అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. భార్యాభర్తలిద్దరిలోనూ చెరొక మారిన ప్రతి ఉంటే, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దీన్ని చాలామంది "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక ముగ్గురికి భయం లేదు" అని అర్థం చేసుకుంటారు. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు కూడా. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలే. నాలుగింట ఒకటి అనేది ప్రతిసారీ కొత్తగా వేసే చీటీ.

ఇక ఈ సూచనలు ఉండేది ఎక్కడ? కణం మధ్యలో, కేంద్రకంలో, క్రోమోజోములపైన. 1902 ప్రాంతంలో వాల్టర్ సటన్ అనే అమెరికన్ విద్యార్థి మిడత కణాలను చూస్తూ ఒకటి గమనించాడు. క్రోమోజోములు జతలుగా ఉంటాయి, బీజకణాలు (అండం, వీర్యకణం) తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోయి ఒక్కొక్కటే వెళ్తుంది. మెండెల్ కారకాలు చేసే పనీ అదే కదా!

మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? 46 అని మీరంతా ఠక్కున చెబుతారు. 1950లో ఈ ప్రశ్న అడిగి ఉంటే ఎవరైనా 48 అనే చెప్పేవారు. 1923లో థియోఫిలస్ పెయింటర్ అనే శాస్త్రవేత్త అలా లెక్కపెట్టాడు, పుస్తకాల్లోకి ఎక్కింది. ఆయన్ని తప్పుపట్టలేం, చిక్కుపడిన నూలుకండెలో పోగులు లెక్కపెట్టడం లాంటి పని అది. 1952లో టి.సి. షూ అనే పరిశోధకుడి ల్యాబులో ఎవరో ఉప్పు ద్రావణాన్ని పొరపాటున పలచగా కలిపారు. నీరు లోపలికి దూరి కణాలు ఉబ్బాయి, క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. ఎంత అదృష్టం! అయినా షూ లెక్కపెట్టి 48 అనే రాశాడు. ఉంటాయనుకున్నవే కంటికి కనిపిస్తాయి మరి. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో అదే పద్ధతికి మరికొన్ని మెరుగులు దిద్ది చూస్తే, కణం తర్వాత కణంలో 46 తేలాయి. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి మరుసటి ఏడాది ప్రకటించాడు. ముప్పై ఏళ్లకు పైగా లోకమంతా రెండు క్రోమోజోములు ఎక్కువ లెక్కపెట్టింది. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

ఈ 46లో 23 తల్లివి, 23 తండ్రివి. అందులో ఒక జత ఆడా మగా తేల్చేది. తల్లి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఇస్తుంది. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లాడు. నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త 1905లోనే పిండిపురుగుల్లో దీన్ని చూసి చెప్పింది. వందేళ్లు దాటినా ఆడపిల్ల పుట్టిందని తల్లిని నిందించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల గురించి నేను మాట్లాడను, మాట్లాడితే టైమ్ సరిపోదు.

ఇప్పుడు పేకముక్కలు కలిపే ఘట్టం. బీజకణం తయారయ్యేటప్పుడు ప్రతి జతలోంచి ఏదో ఒకటి వెళ్లాలి. 23 జతలు కాబట్టి, ఒక మనిషిలో 83,88,608 రకాల కలయికలు సాధ్యం. భార్యాభర్తలిద్దరివీ కలిపితే 70 లక్షల కోట్లు దాటుతుంది. అక్కడితో ఆగదు. విడిపోయే ముందు జతలోని రెండు క్రోమోజోములూ పక్కపక్కన చేరి, ముక్కలు మార్చుకుంటాయి. ఒక్కో అండంలో సుమారు 40 చోట్ల, వీర్యకణంలో సుమారు 26 చోట్ల ఈ మార్పిడి జరుగుతుంది. అంటే మీ నాన్నగారి నుంచి మీకొచ్చిన ఒకటో క్రోమోజోము మీ తాతగారిదీ కాకపోవచ్చు, మీ నాయనమ్మదీ కాకపోవచ్చు. ఇద్దరివీ ముక్కలు అతికిన కొత్త సరుకు.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. జన్యువుల పాఠం రోజు మా మాస్టారు అందరినీ నాలుక గొట్టంలా మడవమన్నారు. నాకు రాలేదు. మడత పడటం బహిర్గత లక్షణం, ఒకే జన్యువు పని అని పుస్తకంలో ఉంది. ఆ లెక్కన తల్లిదండ్రులిద్దరికీ రాకపోతే పిల్లలకు రాకూడదు. మా క్లాసులో ఒకబ్బాయికి చక్కగా వచ్చేది. ఇంటికెళ్లి చూస్తే వాళ్ల అమ్మకూ రాదు, నాన్నకూ రాదు. పాపం, వారం రోజులు టెన్షన్‌తో తిండి తినలేదు. అసలు సంగతేమిటంటే, 1940లో ఆ మాట చెప్పినవాడు స్టర్టెవాంట్ అనే మహా మేధావి. 1952లో మరొకరు 33 జతల ఏకరూప కవలలను చూస్తే, 7 జతల్లో ఒకరికి వస్తోంది, ఇంకొకరికి రావడం లేదు. జన్యువులు ఒకటే అయినా! స్టర్టెవాంట్ స్వయంగా తన మాట వెనక్కి తీసుకున్నాడు. మా పుస్తకం మాత్రం తీసుకోలేదు.

నిజానికి మనం పోలికలని చెప్పుకునేవాటిలో బఠానీ ముడతలాంటివి చాలా తక్కువ. ఎత్తు సంగతే చూడండి. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏను పరిశీలించిన అధ్యయనంలో, ఎత్తుతో సంబంధమున్న తేడాలు 12 వేలకు పైగా కనిపించాయి. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో ఏ కొంచెమో పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. పైగా చిన్నతనంలో తిండి సరిగా లేకపోతే ఈ లెక్కలన్నీ ఉన్నా మనిషి ఎదగడు.

ఇక మొదట అడిగిన ముక్కు. తాత ముక్కు ఊడి వచ్చిందంటాం కదా, ముక్కు ఆకారం కూడా ఎన్నో జన్యువుల ఉమ్మడి పని. నాన్నగారి తండ్రి ముక్కులాంటిదే మీకు వచ్చిందంటే, అందులో కొన్ని సూచనలు ఆయన నుంచి, కొన్ని నాయనమ్మ నుంచి, మరికొన్ని ఏ సంబంధమూ లేని మీ అమ్మ వైపు నుంచి వచ్చి అలా కుదిరి ఉండవచ్చు. అసలు తాతగారి వాటా సరిగ్గా పావు వంతు కూడా కాదు. అమ్మానాన్నల నుంచి చెరి సగం వస్తుంది గానీ, ఆ సగంలో తాతది ఎంత, నాయనమ్మది ఎంత అన్నది పేకముక్కలు ఎలా పడితే అలాగే.

మనవడైతే నాన్న వైపు తాతగారి వై క్రోమోజోము కొసల్లో చిన్న ముక్కలు తప్ప దాదాపు ఉన్నదున్నట్టు వస్తుంది. మనవరాలైతే ఆయన నుంచి ఎక్స్ గానీ వై గానీ ఏదీ రాదు. ఆమెకు నాన్న ఇచ్చిన ఎక్స్ ఆయనకు వాళ్లమ్మ ఇచ్చినదే, అది కూడా దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ముక్కు ఎవరిదని చెప్పినా, మనవరాలి ప్రతి కణంలోనూ నాయనమ్మ ఎక్స్ ఒకటి ఉండి తీరుతుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి. నాలుక మడత గురించి తప్ప.